ఇల్లే ఇంటిపేరైన గోలీ

పొద్దున ఏడు కావస్తోంది. ఇంకా తెల్లవారలేదు. చలి మైనస్ ముప్ఫై ఐదు దాటిందని గేటు దగ్గర కాపలావాడు చెప్పాడు గానీ వాడు చెప్పక్కర్లేదు, ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి అవే చెబుతున్నాయి. నాకు కడుపులో కాలిపోతోంది. క్యారేజీని తలుపు పక్కన పెట్టి పనిలోకి వెళ్ళిన నా తెలివికి ఇంటికెళ్ళి తిట్టుకోవచ్చు, ముందు తినడానికేదో కావాలి. పోర్ట్ ఎల్డన్ కాగితం మిల్లులో నాకది మొదటి చలికాలం. దుంగల బెరడు ఒలిచే పెద్ద డ్రమ్ము దగ్గర పని. ఆ షెడ్డులో తలుపు పక్కన పెట్టిన ఏ వస్తువైనా రాయి అయిపోతుందని నాకెవరూ చెప్పలేదు.

భోజనాల గదిలో బల్ల మీద నా రొట్టె పెడితే టక్కుమంది. గదంతా నవ్వింది.

"ఒరే ఫ్రెంచోడా, దాన్ని కూడా డ్రమ్ములో పడెయ్యి. బెరడు ఊడితే లోపల మాంసం దొరుకుద్ది," అన్నాడు బడ్ స్లోన్. బడ్ మా క్రేను నడిపేవాడు. మిల్లులో మనిషిని పేరుతో పిలిచే అలవాటు ఆయనకు లేదు. నా పేరు లియో గోత్యే అని చెప్పినా ఆయనకి నేను ఫ్రెంచోడినే.

హీటరు పక్కన ఒకాయన కూర్చుని బఠాణీ సూపు తాగుతున్నాడు. నలభై దాటిన మనిషి. మొహం నిండా పాత కుట్లు. ముందర పుస్తకం ఉంది. కొత్తది, ఎర్ర అట్ట, దాని మీద డేగ బొమ్మ. ఆయన దాన్ని ముందునుంచి తెరవలేదు. వెనకనుంచి తెరిచాడు. ఆఖరి పేజీల్లో పేర్లన్నీ వరసగా సన్నక్షరాల్లో ఉంటాయి చూడండి, వాటి మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. మరోచోటికి పోయి అక్కడా ఆగాడు. ఏదో పేజీ తీసి నాలుగు లైన్లు చదివి పుస్తకం మూసేశాడు. తర్వాత నావైపు చూడకుండానే తన రై రొట్టెలో సగం, మీద చల్లటి చేపముక్కతో సహా, బల్ల మీద నావైపు తోశాడు.

"ఏం హౌస్ గారూ," అన్నాడు బడ్, "ఈ పుస్తకంలోనన్నా బతికున్నారా, చచ్చారా?"

"చచ్చాను," అన్నాడాయన. "ఈసారి ట్రాక్టరు మీద పడింది."

గది మళ్ళీ నవ్వింది. ఆయన నవ్వలేదు గానీ కోపం కూడా లేదు. పైగా ఆ వార్త విన్నాక ఆయనకి మనసు కుదుటపడినట్టు కనపడింది. నేను ఆ రొట్టె తింటూ ఆలోచించాను. బతికున్న మనిషి, తన చావు పుస్తకంలో చూసుకుని తృప్తిగా సూపు తాగడమేమిటి?

ఆయన పేరు హౌస్ కాదు. అర్వో కోస్కెలా. నది ఒడ్డున ఫిన్నిష్ వాళ్ళ వీధిలో ఒంటరిగా ఉండేవాడు. ఆయన కథ బడ్ నాకు క్రేను నిచ్చెన కింద నిలబడి చెప్పాడు. కొంత ఎక్కువ చేసి చెప్పాడని తర్వాత తెలిసింది, అసలు మాత్రం నిజమే.

ఒకప్పుడు మా ఊరికి జీతాలిచ్చి ఆడించే ఐస్ హాకీ టీము ఉండేది. రివర్‌మెన్. ఆకుపచ్చ జెర్సీలు. మిల్లు డబ్బుతో నడిచేది, ఆటగాళ్ళంతా బయటనుంచి తెచ్చినవాళ్ళు. ఆ రోజుల్లో ఏ టీముకైనా గోలు కాసే గోలీ ఒక్కడే. మొహానికి ముసుగు లేదు. పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ తగిలి వాడు పడిపోతే ఆట ఆగిపోకూడదు గదా. అందుకని లీగు వాళ్ళొక పద్ధతి పెట్టారు. ఆట ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊరి రింకు, అంటే ఆ మంచు మైదానం వాళ్ళు, ఒక గోలీని సిద్ధంగా కూర్చోబెట్టాలి. ఎవరి గోలీ పడితే వాళ్ళకి ఇతన్నివ్వాలి. మనవాళ్ళా అవతలివాళ్ళా అని చూడకూడదు. అతన్ని హౌస్ గోలీ అంటారు. అంటే రింకు తాలూకు మనిషి. జీతం లేదు. గోలు వెనక మొదటి వరసలో ఒక సీటు, హాట్‌డాగు, కాఫీ. మా రింకుకి ఆ మనిషి అర్వో. పైగా షిఫ్టు దిగి నేరుగా వచ్చి రివర్‌మెన్ ప్రాక్టీసులో గోలు ముందు నిలబడేవాడు. వాళ్ళ అసలు గోలీ బెంచీ మీద కూర్చుని సిగరెట్టు కాల్చుకుంటుంటే వీళ్ళంతా అర్వోని కొట్టి కొట్టి చెయ్యి సరిచేసుకునేవాళ్ళు. మొహం మీది కుట్లన్నీ అవే.

అరవై ఒకటిలో కప్పు ఫైనలు. మన రింకులోనే. అవతల డన్‌మోర్ ఫాల్కన్స్. ఆట సగానికి వచ్చేసరికి డన్‌మోర్‌కి రెండు గోల్స్, మనకొకటి. అప్పుడు మన వాడొకడు కొట్టిన పక్ డన్‌మోర్ గోలీ బుగ్గ ఎముక విరగ్గొట్టింది. డాక్టరు అతన్ని మోసుకెళ్ళిపోయాడు. రిఫరీ మొదటి వరసవైపు వేలు చూపించాడు. అర్వో గడ్డానికి ఆవాల పచ్చడి అంటుకుని ఉందట, చేతిలో హాట్‌డాగు.

"రింకంతా లేచి చప్పట్లు కొట్టింది రా," అన్నాడు బడ్. "కప్పు మనదే అనుకున్నాం. మా నాన్న పక్కవాణ్ణి కౌగిలించుకున్నాడు. 'అర్వో, తలుపులు బార్లా తెరిచిపెట్టరా!' అని ఒకటే కేకలు. వాడు నెత్తురోడే ఆ ఎర్ర జెర్సీ తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఒక్కటి పోనిచ్చాడా వెధవ! ఆఖరి నిమిషంలో మన కెప్టెన్ హ్యూ మెరిక్ ఒంటరిగా వచ్చాడు, ఎదురుగా వీడొక్కడే. పైన మూలకి కొట్టాడు. ఎడమ చేత్తో గాల్లో పట్టాడు. ఈగని పట్టినట్టు."

మళ్ళీ ఎప్పుడూ మేం ఫైనలుకి చేరలేదు. కొన్నేళ్ళకి మిల్లు డబ్బివ్వడం మానేసింది, టీము పోయింది. ఆ ఫైనలు తర్వాత సోమవారం అర్వో క్షవరానికి వెళ్తే మంగలి సగం తల కత్తిరించి, తువ్వాలు తీసేసి, మిగతా సగం డన్‌మోర్ వెళ్ళి చేయించుకోమన్నాడట. అర్వో ఆ సగం తలతోనే వారమంతా పనిలోకి వచ్చాడని బడ్ ఒట్టు పెట్టి చెప్పాడు.

మరి హౌస్ అనే పేరేమిటంటే, అది డన్‌మోర్ వాళ్ళ పుణ్యం. ఆట కాగితం రాసేవాడికి కోస్కెలా అనే పేరు నోరు తిరగలేదు. 'ఎ' అని ఒక అక్షరం వేసి పక్కన 'హౌస్' అని రాసి ఊరుకున్నాడు. ఎ అంటే అర్వో, హౌస్ అంటే రింకు మనిషి. తర్వాత ఎప్పుడో వాళ్ళ టీము చరిత్ర పుస్తకం వేసినాయన ఆ కాగితం చూసి, ఎ. హౌస్ అనే ఆటగాడొకడు ఉన్నాడనుకున్నాడు. అలా ఇల్లు కాస్తా ఇంటిపేరైంది. రెండో పుస్తకంలో ఎ అన్నది ఆర్చీ అయింది. ఆర్చీ హౌస్, పడమటి మైదానాలనుంచి వచ్చినవాడు, ఒకే ఆట ఆడి మాయమైపోయాడు అని రాశారు. భోజనాల గదిలో నేను చూసిన ఎర్ర పుస్తకం మూడోది. దాంట్లో ఆర్చీ గోధుమ పొలంలో ట్రాక్టరు కింద పడి చచ్చిపోయాడు.

ఆ ఏడాది అర్వో నన్ను శనివారాలు తన సౌనాకి రమ్మనడం మొదలుపెట్టాడు. రమ్మనడమంటే, శుక్రవారం షిఫ్టు దిగేటప్పుడు 'రేపు' అనేవాడు. అంతే. నది ఒడ్డున చిన్న చెక్క గది, లోపల రాళ్ళ పొయ్యి. నాలుగైదు వారాలు ఇద్దరం మాటల్లేకుండా చెమటలు కార్చాం. ఆయనకొక అలవాటుంది. ఏదన్నా ఆలోచిస్తుంటే ఎడమ చెయ్యి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండేది. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను.

"అది నేనేనని డన్‌మోర్ వాళ్ళకి ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"చెప్తే?"

"పుస్తకంలో అసలు పేరు పడుద్ది."

"వాళ్ళ పుస్తకంలో," అన్నాడు. రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోశాడు. ఆవిరి చెవులు కాల్చేసింది. "వాళ్ళతో నేను ఉన్నది సగం ఆట. మనవాళ్ళతో ఆరు చలికాలాలు."

"కానీ మనవాళ్ళ తరఫున ఆడలేదు కదా?"

"మన గోలీకి ఒక్కసారీ దెబ్బ తగల్లేదు. వాడి బుర్ర గట్టిది."

నేను నవ్వితే ఆయన కూడా కొంచెం నవ్వాడు. ఆ ధైర్యంతో ఊళ్ళో అందరూ అనుకునేది అనేశాను. "పోనీ, ఆరోజు ఒక్కటి వదిలేసుంటే?"

కోప్పడతాడనుకున్నా. పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాడు. "పక్ వస్తున్నప్పుడు నా ఒంటిమీద ఏ రంగుందో నాకు కనపడదు లియో. పక్ కనపడుతుంది."

"మరి ఆ పుస్తకాలన్నీ కొని వెనకనుంచి చూస్తావెందుకు?"

"వాళ్ళు నా పేరు కనుక్కున్నారేమోనని. కె దగ్గర చూస్తా, అక్కడ లేకపోతే హెచ్ దగ్గర చూస్తా. హౌస్ ఉన్నాడంటే నేను లేనట్టే." మళ్ళీ నీళ్ళు పోశాడు. "మన టీము మీద ఎప్పటికో ఎవరో ఒకరు పుస్తకం రాస్తారు. రాయకుండా ఉండరు. దాంట్లో కె కింద నా పేరు ఒక్క లైను పడాలి. ఆడాడని రాయక్కర్లేదు. ప్రాక్టీసులో నిలబడేవాడు అంటే చాలు. ఈలోగా డన్‌మోర్ వాళ్ళ పుస్తకంలో పడ్డాననుకో, నేనింక వాళ్ళవాణ్ణే."

అంత పొడుగు మాట ఆయన నోటినుంచి మళ్ళీ వినలేదు.

ఆ పుస్తకం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నా జుట్టు పల్చబడింది. అర్వో పని మానే వయసుకొచ్చాడు. అప్పుడు మ్యూరియెల్ మెరిక్ గారు మొదలుపెట్టారు. టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, కెప్టెన్ హ్యూ మెరిక్ చెల్లెలు. అన్న పోయాక ఆయన ట్రంకు పెట్టెలో ఫొటోలు చూసి పుస్తకం వెయ్యాలనుకున్నారట. పెద్ద హ్యాండుబ్యాగు ఒకటి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి ఫొటోలడిగారు. అర్వో ఇంటికీ వెళ్ళారు. ఆయన దగ్గర ఉన్నది ఒకే ఫొటో. ప్రాక్టీసులో రివర్‌మెన్ అంతా వరసగా వస్తుంటే, కుడి చివర గోలు ముందు వంగి నిలబడి అర్వో. ఆవిడకిచ్చేశాడు. కాఫీ ఇచ్చి, పుల్లా అనే వాళ్ళ తియ్య రొట్టె కోసిపెట్టి, ఆవిడ బూట్లు హీటరు దగ్గర పెట్టి వెచ్చచేశాడట. పుస్తకం సంగతి అడిగాడా అంటే లేదు.

"అడక్కపోతే ఎలా?" అన్నాను.

"ఫొటో తీసుకున్నారుగా," అన్నాడు.

ఆ చలికాలంలోనే డన్‌మోర్‌నుంచి ఒకాయన వచ్చాడు. క్లిఫర్డ్ నెస్బిట్. బస్సు డిపోలో బెర్నిస్ కాఫీ కౌంటరు ఉంటుంది, టిక్కెట్లూ ఆమే ఇస్తుంది. మేం కొందరం అక్కడ ఉన్నాం. ఆయన టోపీ తీసి, మంచు దులుపుకుని, అందరికీ వినపడేలా అడిగాడు. "ఇక్కడ హౌస్ అనే కుటుంబం ఎవరైనా ఉన్నారా అండీ?"

బడ్ కాఫీ ముక్కులోంచి వచ్చింది. బెర్నిస్ వెనక్కి తిరిగి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. అర్వో బల్ల చివర కూర్చుని ఉన్నాడు.

నెస్బిట్ మంచి మనిషి. డన్‌మోర్ కొత్త రింకు గోడ మీద అరవై ఒకటి కప్పు గెలిచినవాళ్ళందరి ఫొటోలూ పెట్టారట. ఒక్క చట్రం ఖాళీ. "మా పాత గోలీ పోయేముందు చెప్పాడండీ, 'నా బదులు నిలబడినోడు లేకపోతే నేను ఈ గోడ మీద ఉండను' అని. ట్రాక్టరు కథ నాకు నమ్మకం లేదు. ఆట జరిగింది ఇక్కడ. అతన్ని ఇక్కడే ఎక్కడో తీసుకుని ఉంటారు. ఎవరికీ గుర్తులేదా?"

మా ఊరి గొప్ప ఏమిటంటే, బయటివాడి ముందు మావాణ్ణి పట్టివ్వం. మేం తిట్టుకుంటాం, అది వేరే. అందరం అర్వోకేసి చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాం. ఎడమ చెయ్యి బల్ల కింద తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

"హౌస్ అనేవాడు ఇక్కడ ఎవడూ లేడు," అన్నాడు అర్వో.

అది నిజమేగా. నెస్బిట్ చిన్న కార్డు ఒకటి కౌంటరు మీద పెట్టి, చట్రం మాత్రం తియ్యనివ్వనని చెప్పి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు.

"ఒరే ముసలోడా," అన్నాడు బడ్ ఆయన వెళ్ళగానే. "గోడ మీద ఫొటో అట! వెళ్ళొచ్చుగా? ఇక్కడ నీకు ఏం పెట్టారని?"

"నా ఫొటో మ్యూరియెల్ దగ్గరుంది," అన్నాడు అర్వో.

పుస్తకం ఆకులు రాలే కాలంలో వచ్చింది. రింకు ముందు గదిలో బల్ల వేసి అమ్మారు. ఆకుపచ్చ అట్ట. కాఫీ, డోనట్లు, బటర్ టార్టులు. ఊరంతా వచ్చింది. అర్వో టై కట్టుకున్నాడు. ఆయన మెడలో టై అంతకుముందు నేను చూడలేదు. వరసలో నిలబడి, డబ్బులిచ్చి, పుస్తకం తీసుకుని గోడవైపు తిరిగాడు. నేను పక్కనే ఉన్నాను. వెనకనుంచి తెరిచాడు. వేలు కె మీదికి వచ్చింది. కింగ్. కిర్క్‌బీ. కోవాల్చుక్. మళ్ళీ పైకి వెళ్ళి మళ్ళీ దిగింది. కిర్క్‌బీ, కోవాల్చుక్. మధ్యలో ఏమీ లేదు.

తర్వాత వేలు హెచ్ దగ్గరికి వెళ్ళింది. హౌస్, ఎ. డన్‌మోర్ గోలీ.

ఫొటో కూడా ఉంది. ప్రాక్టీసులో రివర్‌మెన్. పేజీలో పట్టడానికి కాబోలు కుడివైపు కోసేశారు. అర్వో లేడు. ఆయన కర్ర చివర మాత్రం ఆ మూల నుంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది.

ఆయన పుస్తకం మూసి, కోటులో పెట్టుకుని, ఒక టార్టు తిని, మ్యూరియెల్ గారికి తలవంచి నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. నేను ఉండబట్టలేక ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"మిస్ మెరిక్, ఆ గోలీ ఎవరో మీకు తెలుసుగా."

"ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు, లియో."

"మరి హౌస్ అని ఎందుకు రాశారు?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా అన్న బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఆ పేరు ఎత్తనివ్వలేదు. పుస్తకంలో రాస్తే ఈ పిల్లలూ, వీళ్ళ పిల్లలూ చదివి అతన్నే వేలెత్తి చూపిస్తారు. మన కప్పు పోగొట్టినోడని. డన్‌మోర్ వాళ్ళ తప్పు మనకి పనికొచ్చింది. ఆ హౌస్ ఎవడో వాడి నెత్తిన పడనీ. ఇంక అర్వోని ఎవరూ ఏమీ అనరు. నేను చెయ్యగలిగింది అది."

ఆవిడ మొహంలో ఎక్కడా కపటం లేదు. "ఒకసారి ఆయన్ని అడగాల్సిందండీ," అన్నాను.

"అడిగితే ఏమంటాడు? 'ఊఁ' అంటాడు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోనులో ఆ వీధివాళ్ళ ఊఁలే విన్నాను."

ఆ శనివారం సౌనాలో ఆవిడ చెప్పిందంతా అర్వోకి చెప్పాను. ఆయన రాళ్ళ మీద నీళ్ళు పోశాడు.

"ఊఁ," అన్నాడు.

చలికాలమంతా అలాగే గడిచింది. కుర్రాళ్ళ టీము ఆటలకి ఎప్పట్లాగే మొదటి వరసలో తన సీట్లో కూర్చున్నాడు. హాట్‌డాగు తిన్నాడు. బడ్ కూడా హౌస్ గారూ అనడం మానేశాడు. ఎందుకంటే ఆ మాట అంటే ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మార్చిలో ఒక గురువారం, మిల్లుకి రావలసిన బేరింగు బస్సులో వచ్చిందంటే తీసుకురావడానికి డిపోకి వెళ్ళాను. ఇళ్ళ కప్పుల మీద మంచు కరిగి కారుతోంది. కౌంటరు ముందు అర్వో నిలబడి ఉన్నాడు. టై కట్టుకున్నాడు. కాళ్ళ దగ్గర గోలీ ప్యాడ్లు, తోలు పగిలి తాళ్ళతో కట్టినవి. అవి ఇంకా ఉన్నాయని నాకు తెలియదు. నెస్బిట్ వదిలివెళ్ళిన కార్డు, బెర్నిస్ అద్దం మూలకి గుచ్చి ఉంచేది, అది ఇప్పుడు ఆయన చేతిలో ఉంది.

"డన్‌మోర్‌కా?" అంటోంది బెర్నిస్. "రానూపోనూనా?"

ఆయన ఒక వేలు చూపించాడు. పోవడానికి మాత్రమే.

బెర్నిస్ నావైపు చూసింది. నేను ఆయనవైపు చూశాను. టిక్కెట్టు చింపి ఇచ్చింది. ప్యాడ్లకి కట్టడానికి సామాను చీటీ తీసి, అలవాటు కొద్దీ దాని మీద హౌస్ అని రాసింది. రాశాక నాలిక కరుచుకుంది. "అయ్యో, క్షమించు అర్వో. చేతికి అదే..."

ఆయన ఆమె చేతిలోంచి పెన్సిలు తీసుకున్నాడు. హౌస్ మీద ఒక గీత గీశాడు. కింద పెద్దపెద్ద అక్షరాలతో, చలికి వంకర్లు పోయిన వేళ్ళతో నెమ్మదిగా తన పేరు మొత్తం రాశాడు. పెన్సిలు వెనక్కిచ్చాడు. చీటీ తనే కట్టాడు. ప్యాడ్లు బస్సు కింది అరలోకి డ్రైవర్ని ఎత్తనివ్వకుండా తనే ఎత్తాడు.

"అర్వో," అన్నాను.

ఆయన నావైపు చూశాడు. ఎడమ చెయ్యి ఒకసారి తెరుచుకుని మూసుకుంది. మెట్లెక్కాడు. తలుపు పడింది. బస్సు బురద మంచు చిమ్ముకుంటూ మిల్లు గేటు దాటి, వంతెన దాటి పోయింది.

నేను బేరింగు పెట్టె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. బెర్నిస్ కౌంటరు మీది పెన్సిలు తీసి చెవి వెనక పెట్టుకుంది.

"నలభై ఏళ్ళుగా ఆయన ఖాతా కాఫీ రాస్తున్నాను," అంది. "కోస్కెలాకి ఎల్ ఒకటేనని నాకు ఇవాళే తెలిసింది."